గమ్ఛా భయ్యా ఐదో భాగం

మా నాన్న ప్యాంటుకి ఎప్పుడూ కుడి జేబే చిరిగేది. ఎడమది మాత్రం ఆ ప్యాంటు పాతబడి, సైకిలు తుడిచే గుడ్డ అయ్యేదాకా కొత్తగానే ఉండేది. కుడి జేబులో ఫ్యూజు ఉండేది మరి. అరచేతిలో పట్టేంత తెల్లటి పింగాణీ ఫ్యూజు. ఛత్తీస్‌గఢ్‌లో ధర్సీవా దగ్గర నాన్న పనిచేసే ఫ్యాక్టరీలో బొగ్గు మోసే బెల్టు కింద మనుషులు దిగినప్పుడు, వాళ్ళని దింపినవాడు మోటారు ఫ్యూజు పీకి జేబులో వేసుకోవాలి. వాళ్ళు పైకొచ్చేదాకా అది జేబు దాటకూడదు. మధ్యలో షిఫ్టు మారితే తర్వాతివాడి చేతికి ఇచ్చి, లోపల ఇంతమంది ఉన్నారని నోటితో చెప్పాలి. పని అయిపోతే స్టార్టర్ పెట్టె మీద పెట్టాలి. పెట్టె మీద ఫ్యూజు ఉందంటే లోపల ఎవరూ లేరన్నమాట, ఎవరైనా బిగించి మోటారు వేసుకోవచ్చు. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. పాతికేళ్ళుగా ఆ కార్మికులు పాటిస్తున్న పద్ధతి. అన్నం తింటూ కూడా నాన్న ఇదే చెప్పేవాడు కాబట్టి నాకు ఎక్కాలకన్నా బాగా వచ్చు.

2012 వేసవిలో నాకు ఇరవై మూడేళ్ళు. శంకర్ నగర్‌లో ఫ్లెక్సుల షాపులో డిజైనర్ని. పెళ్ళికొడుకుల మొటిమలు చెరపడం, నాయకుల జుట్టు నల్లగా చెయ్యడం నా ఉద్యోగం. పొద్దస్తమానం ఇతరుల మొహాలు బాగుచేసి ఖమ్తరాయ్‌లో మా ఇంటికొస్తే ఒక్కచోట కూర్చోబుద్ధి అయ్యేది కాదు. పెన్సిలు పట్టుకుని గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గదిలోకి తిరిగేదాన్ని. కూతురికి ఏదైనా గాలి సోకిందేమో చూపించమని అమ్మకి పక్కింటావిడ సలహా కూడా ఇచ్చింది.

ఆ మే నెలలో ఫ్యాక్టరీలో యూనియన్ ఎన్నికలు. ఒక యూనియన్‌కి మా నాన్న మల్లేశ్వరరావు నాయకుడు, ఫిట్టర్ల మేస్త్రీ. రెండోదానికి ఎలక్ట్రీషియన్ గురునాథం మామయ్య. చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరూ పార్వతీపురంలో ఒకే రైలెక్కి వచ్చి, ఖమ్తరాయ్‌లో ఒకే గదిలో వండుకు తిని, బావా బావా అని పిలుచుకుంటూ పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళు. వెనకటి ఎన్నికల్లో మామయ్య అవతలి యూనియన్‌లోకి వెళ్ళాక ఆ పిలుపు పోయి, ఇద్దరి నోళ్ళలోనూ "వాడు" మిగిలింది. రెండు సందుల అవతలే ఇల్లు. ఎదురుపడితే ఇద్దరూ ఫోన్లు తీసి చెవి దగ్గర పెట్టుకునేవాళ్ళు.

నాన్న యూనియన్ మనిషి ఉమేష్ ఒకరోజు మా ఇంటికొచ్చాడు. "మనం పంచే పర్చీలు ఎవరూ చదవట్లేదు బిటియా," అన్నాడు. "చేతికిస్తే పకోడీలు కట్టుకుంటున్నారు. నువ్వు బొమ్మలు వేస్తావు కదా, ఏదైనా కామిక్ వెయ్యి."

అలా పుట్టాడు గమ్ఛా భయ్యా. పసుపు హెల్మెట్టు, మెడలో ఎర్రగళ్ళ గమ్ఛా, అంటే తువ్వాలు. కావాలనుకుంటే ఆ గమ్ఛా ఎంత పొడుగైనా సాగుతుంది. దాన్ని విసిరి పడిపోయే గోడల్ని నిలబెడతాడు, కదిలే వ్యాగన్లని ఆపుతాడు. అతని శత్రువు మూఛేంద్ర, అంటే మీసాలరాయుడు. క్యాంటీన్ పప్పులో నీళ్ళు కలుపుతాడు, గడియారం ముల్లు వెనక్కి తిప్పుతాడు. వాడికి మొహం కావాల్సి వస్తే నేను రెండోసారి ఆలోచించలేదు. గురునాథం మామయ్యకి గడ్డం దాకా వంపు తిరిగే మీసం ఉండేది. చిన్నప్పుడు ఆయన భుజమెక్కి లాగిన మీసమే కాబట్టి చూడకుండానే గీసేశాను.

ఒక కాగితం, మడిస్తే నాలుగు పేజీలు, పైన హిందీలో మాటలు. శనివారం మధ్యాహ్నం రెండింటికి, షిఫ్టు మారే వేళ గేటు దగ్గర పంచేవాళ్ళు. మొదటి వారం నవ్వుకున్నారు. రెండో వారం ఎగబడ్డారు. బస్సుల్లో గట్టిగా చదివి వినిపించుకున్నారట. మామయ్య క్యాంటీన్లోకి వెళ్తే ఎవరో "మూఛేంద్ర ఆయా, దాల్ బచావ్" అని అరిచారట, మూఛేంద్ర వచ్చాడు పప్పు దాచుకోండని. అది విని నేను పడీపడీ నవ్వాను. నా జీవితంలో నేను గీసినది జనం లాక్కుని చదవడం అదే మొదలు. గర్వంతో నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు, దాచుకోవడమెందుకు.

మూడో భాగం గీస్తున్నప్పుడు శుక్రవారం అమ్మ తిల్దాలో పిన్ని ఇంటికి బయల్దేరింది. చెప్పులు తొడుక్కుంటూ చెప్పింది.

"ఫణీ, రేపు మీ నాన్న ఏసుకునే ప్యాంటు తీగ మీదున్నాది. కుడి జోబు అడుగంతా ఊడిపోనాది. కుట్టీ, మర్చిపోకు."

"సరే."

"సరే అంటే ఇలాగ చూసి చెప్పు."

చూడలేదు. మూఛేంద్ర అప్పుడే భట్టీ అంచు మీంచి జారుతున్నాడు. కింద కరిగిన ఇనుము, పైన ఒంటిచేత్తో వేలాడుతూ వాడు, వాడి పైన అంచు మీద నిలబడి గమ్ఛా భయ్యా. ఆ మంటలు సరిగా రావడానికి నాకు సాయంత్రమంతా పట్టింది. చివర్న "చెయ్యి వదిలేస్తాడా?" అని రాసి, అంతటితో ఆపేశాను.

శనివారం రెండుంబావుకి ప్రమాదం జరిగింది. బెల్టు కింద బొగ్గు తీస్తున్న పరదేశి అనే కాంట్రాక్టు కూలీ ఇంకా లోపల ఉండగానే మోటారు తిరిగింది. కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి, అరచెయ్యి నలిగిపోయింది. మోటారు వేసింది రెండో షిఫ్టుకి అప్పుడే వచ్చిన గురునాథం మామయ్య.

ఫ్యూజు పెట్టె మీదే ఉంది, అందుకే బిగించాను అన్నాడు మామయ్య. ఎవరూ నమ్మలేదు. పరదేశిని కిందికి దింపింది మల్లేశ్వరరావు, అతని ఫ్యూజు జేబు దాటదని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. వీడే దురుసుతనంతో వేరే ఫ్యూజు తెచ్చి బిగించి ఉంటాడన్నారు. చీకటి పడేలోపు ఖమ్తరాయ్ అంతా అదే మాట. మూఛేంద్ర ఇంకేం చేస్తాడు అని నవ్వినవాళ్ళూ ఉన్నారు. మామయ్యని సస్పెండ్ చేశారు. రెండు వారాల తర్వాత సోమవారం ఇంక్వైరీ, ఉద్యోగం తీసేయడం ఖాయమన్నారు. ఆ మర్నాడే ఓటింగు.

నాన్న అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఇంటికొచ్చి పడక కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, గేటుదాకా వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. ఉన్నట్టుండి చెయ్యి కుడి జేబు దగ్గరికి వెళ్ళేది, లోపలికి పోకుండా ఆగిపోయేది. వారమంతా ఇంతే. ఇంట్లో ఇద్దరం తిరిగేవాళ్ళమైపోయాం.

"ఏం వెతుకుతున్నావ్ నాన్నా?"

"ఏట్లేదు."

ఉమేష్ మళ్ళీ వచ్చాడు, ఈసారి మిఠాయి పట్టుకుని. "నాలుగో భాగంలో వాణ్ణి భట్టీలో పడేయి బిటియా. అందరూ అదే అడుగుతున్నారు. ఓట్లన్నీ మనవే."

అతను వెళ్ళాక నాన్న నా వెనక వచ్చి నిలబడ్డాడు. "పడీకు," అన్నాడు.

"మరి?"

"కాపాడమను."

"శత్రువుని ఎందుకు కాపాడతాడు?"

"అయితే ఏటి. గమ్ఛా సాగుతాదన్నావు కదా. అందదేటి?"

నాకు ఒళ్ళు మండింది. కథ నాది, మంచి పట్టులో ఉంది, మధ్యలో ఈయన జాలేమిటి. అయినా నాన్న గొంతు ఎలాగో ఉంది, అందుకని గీశాను. గమ్ఛా భయ్యా అంచు మీద బోర్లాపడి గమ్ఛా కిందికి వదులుతాడు. అది ఎంత సాగినా మూఛేంద్రకి జానెడు దూరంలో ఆగిపోతుంది. ఎందుకు అందట్లేదో భయ్యాకి తెలీదు, నాకూ తెలీదు. గేటు దగ్గర జనం పెదవి విరిచారు. ఎవరో ఒక కాగితం మీద బొగ్గుతో అడ్డగీత కొట్టి, గమ్ఛా భయ్యా ముసలాడైపోయాడని రాసి తిరిగి పంపించారు.

ఆ బుధవారం కూరగాయల బజారులో శేషమ్మత్త కనిపించింది, గురునాథం మామయ్య భార్య. తప్పించుకుందామనుకునేలోపు ఎదురుగా నిలబడింది.

"మీసం బాగా గీసినావమ్మా," అంది. "ఒక్కో ఎంట్రుకా అచ్చు దించీసినావు. మొన్న గొరిగించీసుకున్నాడు. అద్దంలో చూసుకుని ఆయనే బెదిరిపోతన్నాడు."

సంచీలో టమాటాలు సర్దుతున్నట్టు నటించాను.

"సోమవారం ఉద్యోగం తీసీస్తారంట. దొంగతనం సేసినోడికి కూడా ఇంత సిగ్గుండదు. ఫ్యూజు పెట్టె మీదే ఉన్నాదని నా తలమీద చెయ్యేసి చెప్పినాడు ఫణీ. నా తలమీద అబద్ధం ఆడడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "నాను నమ్మితే ఏటి లాభం. నీ కాగితాలు చదివినోళ్ళు నమ్ముతారేటి?"

ఇంటికి నడిచాను. ఎండకి కళ్ళు బైర్లు కమ్ముతున్నా ఆటో ఎక్కాలనిపించలేదు. మామయ్య నిజమే చెబుతుంటే ఫ్యూజు పెట్టె మీద ఎవరో పెట్టాలి. నాన్న పెట్టడు. నాన్న ఫ్యూజు జేబులో ఉంటుంది. జేబులో. అక్కడ నా కాళ్ళు ఆగిపోయాయి.

ఆ ప్యాంటు ఉతికిన బట్టల్లో లేదు, తీగ మీదా లేదు. మంచం కింద, పాత పేపర్ల వెనక ఉండచుట్టి ఉంది. కుడి జేబులో చెయ్యి పెట్టాను. మోకాలు దాకా వెళ్ళిపోయింది. నేను కుట్టలేదు. అమ్మ చెప్పిందని కూడా అప్పుడే గుర్తొచ్చింది. భయం వెయ్యలేదు నాకు, సిగ్గేసింది. ఒళ్ళంతా సిగ్గేసింది.

సూదీ దారం తీసుకుని వరండాలో కూర్చున్నాను. నాన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి సగం కుట్టాను.

"ఇప్పుడెందుకది," అన్నాడు.

"పెట్టె మీద పెట్టినావా నాన్నా?"

చెప్పులు విప్పాడు. టిఫిన్ డబ్బా గోడవారన పెట్టాడు. నా పక్కన గచ్చు మీద కూర్చున్నాడు.

"ఐదు నిమిషాల్లో వచ్చీద్దామనుకున్నాను. వాడి చేతికియ్యాల మామూలుగా. మాటల్లేకపోయినా ఇన్నేళ్ళూ చేతికే ఇచ్చుకున్నాం. ఆవేళ ఒక చేతిలో నీ కాగితాల కట్టున్నాది, వాడు భట్టీ మీద ఏలాడతన్న బొమ్మ. అది పట్టుకుని వాడి మొహం ఎలాగ చూసీది. పెట్టె మీద పెట్టీసి గేటుకెళ్ళిపోనాను. అక్కడ నన్ను భుజాల మీదకి ఎత్తీసినారు."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"మొదటిరోజు చెప్పకపోతే రెండోరోజు నోరు రాదు, ఫణీ."

"జేబు కుట్టనిది నేను."

"జోబు ఊసు ఎవరి దగ్గరా ఎత్తకు," అన్నాడు. నాన్న నన్ను కసిరింది నాకు గుర్తున్నంతలో అదొక్కసారే. "జోబు లేకపోతే చెయ్యి లేదేటి నాకు."

కాసేపయ్యాక ఐదో భాగం అయిందా అని అడిగాడు. కాలేదన్నాను. లోపలికి వెళ్ళి నా కాగితాలు తెచ్చి గచ్చు మీద పరిచాడు. ఒక తెల్లకాగితం మీద తన కుడిచెయ్యి పెట్టాడు. బొటనవేలికి గోరు సగమే ఉంటుంది ఆ చేతికి, పాత దెబ్బ. ఫ్యాక్టరీలో ఆ వేలు ఎరగనివాళ్ళు లేరు.

"ఈ చెయ్యి గియ్యి. ఫ్యూజు పెట్టె మీద పెడతన్నట్టు. పేజీ అంతా ఇదే ఉండాల."

"మాటలేం రాయాలి?"

"మాటలొద్దు. చూసినోళ్ళకి తెలుస్తాది."

అమ్మ ఆ వారం మొదట్లోనే తిల్దా నుంచి వచ్చేసింది. ద్వారం దగ్గర నిలబడి అంతా విన్నదని మాకు తర్వాత తెలిసింది. బొమ్మ పూర్తయ్యాక వచ్చి చూసింది. "సోమవారం ఆఫీసర్ల దగ్గర చెప్తే చాలదేటి? ఎన్నికల ముందు ఊరంతా పంచాలేటి?" అంది.

"ఆఫీసులో చెప్తే నలుగురు ఇంటారు పార్వతీ. వాడి పరువు గేటు కాడ పోనాది."

అమ్మ నేను సగంలో వదిలేసిన జేబు తీసుకుని మిగతా సగం కుట్టింది.

శనివారం సెలవు పెట్టి నాన్నతోపాటు గేటుకి వెళ్ళాను. కాగితాలు నేనే జిరాక్సు తీయించాను, ఉమేష్‌కి ముందు చూపించలేదు. రెండు కొట్టేసరికి జనం మూగారు, లాక్కున్నారు. మొదటి పేజీలో మూఛేంద్ర అడుగుతాడు, "నన్ను ఇక్కడ వేలాడదీసినవాడివి నువ్వే కదా, నీ గమ్ఛా ఎలా అందుతుంది?" అక్కడ కొందరు నవ్వారు. రెండూ మూడూ పేజీల్లో గమ్ఛా భయ్యా వెనక్కి, వెనక్కి నడుస్తాడు, బెల్టు దాకా, స్టార్టర్ పెట్టె దాకా. నాలుగో పేజీలో ఆ చెయ్యి.

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కొత్తవాళ్ళు పక్కవాళ్ళని అడుగుతున్నారు, పాతవాళ్ళు చెప్పడం లేదు. ఒక ముసలి ఖలాసీ కాగితం చూశాడు, నాన్న చెయ్యి చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. తర్వాత దాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఉమేష్ పరిగెత్తుకొచ్చి నా చేతిలో కట్ట లాక్కున్నాడు. "యే క్యా కర్ దియా, బిటియా," అన్నాడు, ఇదేం చేశావని ఏడుపు గొంతుతో. అప్పటికే సగానికి పైగా పంచేశాను. నాన్న ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికి, ఆఫీసు వైపు నడిచాడు. ఆయన నడక ఆ రెండు వారాల్లో మొదటిసారి తిన్నగా ఉంది.

సోమవారం మామయ్యని పనిలోకి తీసుకున్నారు. నాన్నని సస్పెండ్ చేశారు. మంగళవారం మా యూనియన్ చిత్తుగా ఓడిపోయింది. ఉమేష్ మా సందు మొహం చూడటం మానేశాడు. మూడు నెలల తర్వాత నాన్నని తిరిగి తీసుకున్నారు గానీ మేస్త్రీగా కాదు, స్టోర్సులో బోల్టులు అందించే పనికి. ఆ పనికి జేబు అక్కర్లేదు.

కానీ దానికి ముందే, జూన్‌లో మబ్బు పట్టిన ఒక సాయంత్రం, గేటు దగ్గర పిలుపు వినిపించింది.

"బావా, ఉన్నావేటి?"

నాన్న కుర్చీలోంచి గబుక్కున లేచాడు. గురునాథం మామయ్య లోపలికొచ్చాడు. మీసం మళ్ళీ మొలుస్తోంది, గరుగ్గా, నెరిసిపోయి. అమ్మ కుర్చీ వేసినా కూర్చోలేదు.

"నువ్వు నన్ను కాపాడీసినావంట. ఊరంతా అదే కూత," అన్నాడు. "నువ్వు కాపాడీదేటి. తోసింది నువ్వు, లాగింది నువ్వు."

"అవును," అన్నాడు నాన్న.

మామయ్య ఇంకా పోట్లాడదామనే వచ్చినట్టున్నాడు, ఆ ఒక్కమాటకి గొంతు తగ్గించాడు.

"బిగించే ముందు నానూ ఓ కేకెయ్యాల. లోపల ఎవులైనా ఉన్నారేటని. గేటు కాడ ఎవడో నీ కూతురి కాగితం నా చేతిలో పెట్టినాడు. ఆ కోపంలో పెట్టె మీద ఫ్యూజు చూసినాను, కొట్టీసినాను. ఈ మాట ఇంక్వైరీలో చెప్పలేదు. నీకు చెప్తన్నాను."

నాన్న తలూపాడు. మామయ్య నా వైపు తిరిగాడు. ఐదు భాగాలూ మడతలు పెట్టి జేబులో తెచ్చుకున్నాడు, తీసి బల్లమీద వరసగా పెట్టాడు.

"అన్నీ సదివినాను. బాగా గీస్తావమ్మా, అబద్ధం ఆడను. గమ్ఛా వోడున్నాడు, మీసం వోడున్నాడు, బెల్టున్నాది, ఫ్యూజున్నాది." వేలితో ఒక్కో కాగితం తట్టాడు. "పరదేశి ఏడమ్మా ఇందులో?"

నేను కాగితాలన్నీ మళ్ళీ తిరగేశాను. చివరి భాగంలో బెల్టు గీశాను, దాని రబ్బరు పొరలు గీశాను, పెట్టె మీద తుప్పు కూడా గీశాను. బెల్టు కింద మనిషిని గీయలేదు. నాకు అతని మొహం తెలీదు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు చూడటానికి మాలో ఎవరూ వెళ్ళలేదు. కాంట్రాక్టు కూలీకి యూనియన్‌లో ఓటు లేదు, కాబట్టి గేటు దగ్గర అతని చేతికి ఒక్క కాగితం కూడా ఎవరూ ఇచ్చి ఉండరు. ఎవరు ఎవర్ని కాపాడాలా అని రెండు వారాలు నిద్ర మానుకున్న నాకూ నాన్నకీ అతను గుర్తే రాలేదు.

ఆదివారం ముగ్గురం ధర్సీవా బస్సెక్కాం. బస్టాండు నుంచి ఇంకా రెండు మైళ్ళు నడక. నాన్న, మామయ్య ముందు నడిచారు, ఒకే నడకతో. పరదేశి ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. కుడిచేతికి మణికట్టు దాకా కట్టు. ఎడమచేత్తో, పళ్ళతో, తలకి గమ్ఛా చుట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు. ఎర్రగళ్ళ గమ్ఛా. మమ్మల్ని చూసి ఆపేశాడు.

"కాబర్ ఆయే హవ?" అన్నాడు. ఎందుకొచ్చారు అని.

నాన్న చెప్పడం మొదలుపెట్టాడు. ఛత్తీస్‌గఢీ బాగానే వచ్చు నాన్నకి, అయినా తడబడ్డాడు. ఫ్యూజు తను పెట్టానన్నాడు. బిగించింది నేనని మామయ్య అన్నాడు. పరదేశి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. తెలుసు అన్నట్టు తలాడించాడు, కోపంగానూ కాదు, దయగానూ కాదు. తర్వాత నా చేతిలో బొమ్మల పుస్తకం చూసి, నువ్వెవరని అడిగాడు.

బొమ్మలు వేస్తానన్నాను. మీ బొమ్మ వెయ్యొచ్చా అన్నాను.

ఆలోచించుకున్నాడు. గమ్ఛా శుభ్రంగా దులిపి భుజం మీద వేసుకున్నాడు. కట్టున్న చెయ్యి ఎత్తి, మోకాలి మీద, నాకు కనబడేలా పెట్టాడు.

"ఏలా ఘలో బనా," అన్నాడు. దీన్ని కూడా గియ్యి అని.

నేను కింద కూర్చుని గీయడం మొదలుపెట్టాను. నాన్న, మామయ్య మంచం పక్కన నిలబడే ఉన్నారు. కూర్చోమని అతను అనలేదు.